కాయీకి ఒక తారీఖ్ ఉంది

మా నానీ వాళ్ళది జంపని. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో ఉంటుంది. స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషులో ఊరి పేరు 'జెడ్'తో మొదలవుతుంది. ఇంట్లో మేం 'జీమ్'తో పలికే పేరుని రైల్వే వాళ్ళు 'జే'తో ఎందుకు రాశారో మా మామూకి కూడా తెలీదు. ఉర్దూ చదివిన గుమాస్తా ఎవరైనా ఉండి ఉంటే ఈ గల్తీ జరిగేది కాదని ఆయన నవ్వుతూ అంటాడు.

ఆ ఊరి వైపు ఎండాకాలం వెళ్ళినవాళ్ళకి తెలుసు, మే నెలలో చెరువుల రంగు ఎలా ఉంటుందో. తెలుగులో నాచు అంటాం, పాచి అంటాం. మన ఇళ్ళల్లో కాయీ. అరబీలో తుహ్లబ్. ఏ జబాన్‌లో చెప్పినా మన బుజుర్గులు దాని గురించి చెప్పే మాట ఒక్కటే: "మౌసమ్ వచ్చింది, కాయీ పట్టింది." అంటే ఎండలొస్తే చెమట పట్టినట్టు, వానలొస్తే ముసురు పట్టినట్టు, అది అల్లాహ్ పెట్టిన కాలచక్రం, దాని సబబ్ వెతకడం దేనికి అని.

నాకు మాత్రం ఆ జవాబు చాలదు. మౌసమ్ వెయ్యేళ్ళ కిందటా ఉంది, ఎండలూ ఉన్నాయి. చెరువు పచ్చగా, చిక్కగా, పెయింటు డబ్బా ఒంపినట్టు మారడానికి ఎండతోపాటు ఇంకో రెండు కావాలి. ఒకటి, నీళ్ళు కదలకుండా నిలబడాలి. రెండు, ఆ నీళ్ళల్లో దానికి ఖురాక్ దొరకాలి. మన డెల్టాలో ఈ రెండూ ఎప్పుడు, ఎలా వచ్చాయో తారీఖ్‌లో రాసే ఉంది.

మొదట నిలబడ్డ నీళ్ళ సంగతి. 1832-33లో గుంటూరు సీమని కరువు ఊడ్చేసింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువన్నారు, మనుషుల డొక్కలు బయటపడ్డాయి కాబట్టి డొక్కల కరువన్నారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకి కంపెనీ హుకూమత్ కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టింది. 1852లో మొదలై 1855లో పూర్తయింది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఓర్, వెనక ఉన్న దిమాగ్ ఆర్థర్ కాటన్‌ది. దాని గేట్ల నుంచి పడమటి వైపుకి వచ్చిన పెద్ద కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర చీలి, తెనాలి, వేమూరు, రేపల్లె, బాపట్ల వైపు పొలాలన్నిటికీ నీళ్ళిచ్చింది. 1952లో ఆ పాత ఆనకట్టకి గండి పడ్డాక దాని చోట కట్టిందే ప్రకాశం బ్యారేజీ, 1957లో పూర్తయింది.

కాలువ రావడం మన ప్రాంతానికి నేమత్. అందులో షక్ లేదు. కాలువతోపాటే ఒక కొత్త కేలండరు కూడా వచ్చింది. నదిలో నీళ్ళుండే నెలల్లో కాలువ పారుతుంది, ఎండాకాలం కట్టేస్తారు. కట్టేసేలోపు ఊరి మంచినీళ్ళ చెరువుని తూము తీసి నింపుకోవాలి. ఆ నీళ్ళే మళ్ళీ కాలువ వదిలేదాకా ఊరికి ఆధారం. తాగడానికి, వండడానికి, మసీదు హౌజులో పోసుకోవడానికి అవే నీళ్ళు. సముద్రం దగ్గరపడేకొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి కాబట్టి చెరువు మీద భరోసా ఇంకా ఎక్కువ. అంటే ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ ఎండ కాసే రెండు నెలల్లోనే మన తాగునీళ్ళు కదలకుండా పడి ఉండేలా నూట డెబ్బై ఏళ్ళ కిందట ఒక ఇంతెజామ్ కుదిరింది. ఎవరి నీయత్‌లోనూ ఖోట్ లేదు. పంట కోసం వేసిన లెక్కలో తాగునీళ్ళు ఆ కొసకి పడ్డాయి, అంతే.

కాయీకి ఇది చాలా ఇష్టమైన హాలత్. పెయింటులా తేలేది మామూలు మొక్కజాతి కాదు. నీలి-ఆకుపచ్చ నాచు అంటారు, సైన్సువాళ్ళు సైనోబాక్టీరియా అంటారు. రెండొందల కోట్ల ఏళ్ళకి ముందు నుంచీ భూమ్మీద ఉన్న మఖ్లూక్. మనం పీల్చే ఆక్సిజన్‌ని ఈ భూమి గాలిలోకి మొదట వదిలింది ఇదే. దీని కణాల్లో గాలి బుడగల్లాంటి చిన్న అరలుంటాయి. నీళ్ళు కదలకపోతే వాటి సాయంతో పైకి తేలి ఎండ దగ్గరికి చేరుతుంది, కిందున్న మిగతా నాచుజాతులకి వెలుతురు అందకుండా చేస్తుంది. పారే కాలువలో దీని ఆటలు సాగవు. నిలిచిన చెరువులో రాజ్యం దీనిదే.

ఇక ఖురాక్. ఆనకట్ట కట్టాక వందేళ్ళపాటు మన పొలాలకి ఎరువు అంటే పశువుల పెంట, గొర్రెల మందలు, జనుము, పిల్లిపెసర దున్నేయడం. వరి కోశాక మినుమో పెసరో చల్లేవాళ్ళు, అవి గాల్లోంచి నత్రజని తెచ్చి నేలకి ఇచ్చేవి. 1960ల తర్వాత కథ మారింది. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి ఐ.ఆర్.8 వచ్చింది. దాని వెంట యూరియా బస్తా, సూపరు బస్తా, ఆ తర్వాత డి.ఏ.పి. వచ్చాయి. 1986లో మన బాపట్లే దేశానికి సాంబ మసూరి ఇచ్చింది. బస్తా మీద 'బి.పి.టి. 5204' అని కనిపిస్తే అందులో బి.పి.టి. అంటే బాపట్ల. ఈద్ రోజు బిర్యానీకి బాస్మతి కొంటాం కానీ మిగతా ఏడాదంతా మన దస్తర్‌ఖాన్ మీద ఉండేది ఆ బియ్యమే. ఇరవై పాతికేళ్ళుగా తెనాలి, బాపట్ల వైపు వరి తర్వాత మినుము తగ్గి, దున్నకుండానే మొక్కజొన్న వేయడం పెరిగింది. మినుముకి పల్లాకు తెగులు, బంగారు తీగ పట్టి రైతు అలిసిపోయాడు. ఆయన కసూర్ లేదు. కానీ మినుము నేలకి ఇచ్చే పంట, మొక్కజొన్న బస్తాల కొద్దీ అడిగే పంట.

చల్లిన ఎరువు మొత్తం మొక్కకి చేరదు. మిగిలింది నీటి వెంట, మట్టి వెంట మురుగు కాలువల్లోకి, చెరువుల్లోకి పోతుంది. దానికి తోడు గట్ల మీది ఊళ్ళ పాయిఖానా నీళ్ళు, గేదెల పేడ, బట్టలుతికే పొడులు. వీటన్నిటిలో ముష్తరక్ అయిన చీజ్ ఒకటుంది, భాస్వరం. నత్రజని కూడా ఉంటుంది, కానీ నీలి-ఆకుపచ్చ నాచుల్లో కొన్నిటికి నత్రజనిని గాలిలోంచి తామే తెచ్చుకునే హునర్ ఉంది. భాస్వరం గాల్లో దొరకదు. ఎవరో ఒకరు నీళ్ళల్లో వేయాలి.

ఇది అందాజా మాట కాదు. కెనడాలోని ఒంటారియోలో ప్రయోగాల కోసమే విడిచిపెట్టిన సరస్సులున్నాయి. 1973లో అక్కడ 226వ నంబరు సరస్సుని మధ్యలో తెరతో రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో కర్బనం, నత్రజని వేశారు. రెండో భాగంలో అవే వేసి భాస్వరం కూడా కలిపారు. కొన్ని వారాల్లో భాస్వరం కలిపిన భాగం పచ్చగా మారింది, అవతలి భాగం నల్లగా తేటగా ఉండిపోయింది. డేవిడ్ షిండ్లర్ ఆ ఫలితాన్ని 1974లో ప్రచురించాడు. విమానంలోంచి తీసిన ఆ ఫొటో చూసినవాళ్ళు ఎండే కారణం అని ఇంక అనలేరు. రెండు భాగాల మీదా కాసింది ఒకే ఎండ.

కెనడాదాకా ఎందుకు, మన హైదరాబాద్‌లోనే ఈ తహకీక్ అంతకన్నా ముందు మొదలైంది. మన పిల్లలకి ఈ పేర్లు ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు చదువు ఉర్దూలో ఉండేది. దానికోసం దారుత్తర్జుమా అని ఒక తర్జుమా ఖానా పెట్టి సైన్సు మాటలకి ఉర్దూ మాటలు కూర్చారు. వృక్షశాస్త్రం ఇల్మె నబాతాత్ అయింది. 1948 తర్వాత ఆ జబాన్ పోయింది, డిపార్ట్‌మెంటు మిగిలింది. ఆ బాటనీ డిపార్ట్‌మెంటులో పనిచేసిన ఎ. ఆర్. జఫర్ హైదరాబాద్ చేపల చెరువుల్లోని నాచుల మీద రాసిన వ్యాసాలు 1964 నుంచి 1967 దాకా 'హైడ్రోబయాలజియా' అనే అంతర్జాతీయ పత్రికలో వరసగా వచ్చాయి. నీటి రసాయనం ఏమిటి, ఏ నాచు ఎక్కడ ఉంది, ఏ మౌసమ్‌లో ఏది పెరిగి ఏది తగ్గింది అన్నవి వాటి విషయాలు. తర్వాత ఎం. మునవ్వర్ అదే హైదరాబాద్ నీటిగుంటల మీద 1970 నుంచి వ్యాసాలు వేశాడు. 1974లో వచ్చిన దాంట్లో మురుగు కలిసిన నీళ్ళనీ కలవని నీళ్ళనీ పోల్చి నాచుల కాలచక్రాన్ని చూశాడు. మనకి కావలసిన సవాల్ సరిగ్గా అదే. ఒకే ఊరు, ఒకే మౌసమ్, నీళ్ళు మాత్రం వేరు.

ఆ మునవ్వర్ సాహెబ్ తర్వాత కెనడా వెళ్ళి, ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో తేలే నాచుల మీద పేరు మోసిన ఆలిమ్ అయ్యాడు. హైదరాబాద్ కుంటల దగ్గర సీసాలు నింపుకున్న మనిషి ఈరీ, హ్యూరాన్, సుపీరియర్ సరస్సుల లెక్కలు రాశాడు. క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు మన మొహల్లాల్లో పసివాడు కూడా చెబుతాడు. ఈ ఇద్దరి పేర్లు ఎంతమంది విన్నారో మీరే చెప్పండి.

హైదరాబాద్‌లో అందరి కళ్ళముందు పచ్చబడిన నీళ్ళు హుస్సేన్ సాగర్‌వి. ఊరికన్నా చెరువు పెద్దది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా జమానాలో, 1562లో, హజ్రత్ హుస్సేన్ షా వలీ కట్టించారు. హైదరాబాద్ పుట్టింది 1591లో. మూడున్నర శతాబ్దాలు జనం ఆ నీళ్ళు తాగారు. 1908లో మూసీ వరద వేలమందిని మింగాక నిజాం హుకూమత్ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించింది. ఒకటి 1920లో, రెండోది 1927లో తయారయ్యాయి. నల్లాల్లో ఆ నీళ్ళు రావడం మొదలయ్యాక, 1930 ప్రాంతంలో, హుస్సేన్ సాగర్‌ని తాగునీళ్ళ లెక్కలోంచి తీసేశారు.

నా ఖయాల్‌లో ఆ చెరువు కిస్మత్ మారింది అక్కడే. తాగే నీళ్ళంటే ఊరు కాపలా కాస్తుంది. తాగడం మానేశాక ఎవరికీ ఫిక్ర్ ఉండదు. సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల కారఖానాలు లేచాయి, వాటి నీళ్ళూ బస్తీల మురుగూ కూకట్‌పల్లి నాలాలో పడి చెరువులోకి వచ్చాయి. ఎండాకాలం నెక్లెస్ రోడ్డు పక్క పచ్చగా తెట్టు కట్టి ముక్కు మూయించేది ఎక్కువగా మైక్రోసిస్టిస్ అనే నీలి-ఆకుపచ్చ నాచు. 2006లో జపాన్ అప్పుతో చెరువు బాగుచేసే పని మొదలుపెట్టారు. నాలా మళ్ళించారు, బురద తీశారు, మురుగు శుద్ధి చేశారు. అయినా తెట్టు మళ్ళీ కనబడుతుంది. బురద అడుగున దశాబ్దాల భాస్వరం జమా అయి ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడల్లా అది కరిగి పైకి వస్తుంది. అందుకే ఈ రోజు నాలా పూర్తిగా ఆపినా రేపే చెరువు తేటపడదు.

మళ్ళీ డెల్టాకి వద్దాం. హుస్సేన్ సాగర్ నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగరు, మన చెరువు నీళ్ళు తాగుతాం. తేడా అక్కడే ఉంది.

కొందరు అడుగుతారు, కాయీ పట్టిన నీళ్ళతో వుజూ అవుతుందా అని. ఫిఖ్హ్ కితాబుల్లో తుహ్లబ్ ప్రస్తావన ఉంది. నిలవుండటం వల్ల, నాచు వల్ల రంగు మారిన నీళ్ళు పాక్‌గానే ఉంటాయి, తహారత్‌కి పనికొస్తాయి అన్నారు. నీళ్ళని దాన్నుంచి తప్పించడం మనిషి చేతిలో లేదు కాబట్టి ఆ ఆసానీ ఇచ్చారు. అది తహారత్ మసలా. తాగితే ఏమవుతుంది అన్నది సేహత్ మసలా, ఆ రెండిటినీ కలపకూడదు.

ప్రతి కాయీ జహర్ కాదు. పీచులా, జుట్టులా గట్టుకి పట్టుకునే నాచు చూడ్డానికి గలీజుగా ఉన్నా ఆ జాతి వేరు. ఒక కర్ర ముంచి తీస్తే దారాల్లా వేలాడుతుంది. పెయింటులా కర్రకి పూసుకుంటే అది అనుమానించవలసిన రకం. ఇంకో తరీఖా, గాజు సీసాలో ఆ నీళ్ళు పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి పచ్చదనం పైకి తేలి ఉంగరంలా కడితే నీలి-ఆకుపచ్చ నాచు కావచ్చు. అడుగుకి దిగితే మామూలు నాచు. ఇవి ఇంట్లో చూసుకునే గుర్తులు మాత్రమే. జహర్ ఉందో లేదో లాబొరేటరీయే తేల్చాలి.

ఆ జహర్ సంగతి లోకానికి మొదట తెలిసింది 1878లో. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో పచ్చతెట్టు తాగిన పశువులు చచ్చిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ 'నేచర్' పత్రికకి రాశాడు. మనుషుల విషయంలో అన్నిటికన్నా దారుణం 1996లో బ్రెజిల్‌లోని కరువారు ఊళ్ళో జరిగింది. డయాలిసిస్ కేంద్రానికి వచ్చిన నీళ్ళల్లో ఈ జహర్ ఉండి, 50 మందికి పైగా మరీజులు కాలేయం చెడి చనిపోయారు. ఆ తర్వాతే 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మైక్రోసిస్టిన్-ఎల్.ఆర్. అనే విషానికి తాగునీళ్ళల్లో లీటరుకి 1 మైక్రోగ్రాము అని హద్దు పెట్టింది.

అమ్మీలు, ఖాలాలు, దయచేసి ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. నీళ్ళు పచ్చగా వస్తే మనం చేసే మొదటి పని మరిగించడం. కలరాకి, టైఫాయిడ్‌కి అది సరైన ఇలాజ్. ఈ జహర్‌కి కాదు. మరిగిస్తే కణాలు పగిలి లోపలున్న విషం నీళ్ళల్లోకి వస్తుంది. ఆవిరయ్యేవి నీళ్ళే, విషం గిన్నెలోనే ఉంటుంది. 2014 ఆగస్టు 2న అమెరికాలో టొలీడో పట్టణంలో దాదాపు 5 లక్షల మందికి చెప్పింది అదే: నల్లా నీళ్ళు తాగొద్దు, మరిగించొద్దు. మూడు రోజులు సీసా నీళ్ళతో గడిపారు. వాళ్ళ నీళ్ళు వచ్చేది ఈరీ సరస్సు నుంచి, అంటే మునవ్వర్ సాహెబ్ నాచులు లెక్కపెట్టిన సరస్సుల్లో ఒకదాన్నుంచి. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని మురుగులో, సబ్బు పొడుల్లో భాస్వరం తగ్గించి ఆ సరస్సుని బాగుచేసుకున్నాయి. 1990ల తర్వాత తెట్టు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువ భాస్వరం వచ్చింది మొక్కజొన్న, సోయా పొలాల నుంచి. మొక్కజొన్న అన్న మాట దగ్గర నేను కాస్త ఆగిపోయాను.

పటిక తిప్పడం మన ఇళ్ళల్లో పాత అలవాటు. చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళూ ఉండేవాళ్ళు. మట్టినీ కొంత నాచునీ అవి కిందికి దించుతాయి, నీళ్ళల్లో కరిగిపోయిన విషాన్ని తీయలేవు. చెరువులో మైలుతుత్తం చల్లితే రెండు మూడు రోజుల్లో పచ్చదనం పోతుంది, అందరూ ఖుష్. కానీ లక్షల కణాలు ఒక్కసారి పగిలి విషమంతా ఒకేసారి వదిలేది అప్పుడే. చల్లడం తప్పనిసరైతే పచ్చదనం పలచగా ఉన్న మొదట్లోనే చల్లాలి. చిక్కబడ్డాక చల్లితే కొన్నాళ్ళు ఆ నీళ్ళు తోడకూడదు. ఇంట్లో బొగ్గు ఫిల్టరు, ఆర్.ఓ. మిషను కొంతవరకు ఆపుతాయి, మామూలు కేండిల్ ఫిల్టరు ఆపదు. ఇంట్లో డయాలిసిస్ మరీజ్ ఉన్నా, పాలడబ్బాతో పెరిగే బిడ్డ ఉన్నా పచ్చనీళ్ళ దగ్గర జిద్దు చేయకండి, వేరే నీళ్ళు తెచ్చుకోండి. తెట్టు గాలికి కొట్టుకొచ్చి ఆగే రేవులో గేదెని దించకండి. తెల్లవారుజామున చేపలు నోరు తెరిచి పైకి వస్తుంటే అది చెరువు ఇచ్చే ఖబర్. రాత్రంతా కాయీయే ఆక్సిజన్ తాగేసిందన్నమాట.

ఇంత చెప్పాక కాయీని దుష్మన్ అనుకుంటారేమో. 1939లో పి. కె. డే అనే బెంగాలీ శాస్త్రజ్ఞుడు వరిచేలల్లో నత్రజని ఎక్కడిదని వెతికి, అది ఈ నీలి-ఆకుపచ్చ నాచులు తెచ్చిందేనని చూపించాడు. బస్తాలు రాని రోజుల్లో మన వరికి అది కూడా మెతుకు పెట్టింది. అజొల్లా ఆకుల్లో దాక్కుని ఇప్పటికీ ఆ పని చేస్తోంది. మడిలో దోస్త్‌గా ఉన్నదే చెరువులో ప్రాణాల మీదికి తెస్తుంది. మధ్యలో మారింది మనం నీళ్ళల్లోకి పంపిన సామాను.

పంచాయితీలో అడగాల్సినవి నాకు తోచినంతలో రెండే. చెరువు నింపేటప్పుడు వచ్చే నీళ్ళల్లో ఏ ఊరి మురుగు కలుస్తోంది? చెరువు ఎండగట్టి అడుగు బురద తీసి ఎన్నేళ్ళయింది? మా మామూ రెండో సవాల్ అడిగితే, కాలువలు కట్టేశాక ఉన్న నీళ్ళు ఎలా ఎండగడతామయ్యా అని ఎదురు అడిగారట. వాళ్ళన్నదీ నిజమే, ఆ రెండు నెలలకి ఊరికి వేరే ఆధారం చూపించకుండా బురద తీయలేరు. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు రావడం మొదలయ్యాక కాలువ కాస్త ముందుగా వదిలే వీలు కలిగింది కాబట్టి, ఆ గడువు తగ్గించుకుంటే బురద తీసే సందు దొరకొచ్చు.

కాలువ వదలగానే తూములోంచి ఎర్రనీళ్ళు వస్తాయి. ఆ మట్టికి వెలుతురు లోపలికి దిగదు, నీళ్ళు కదులుతాయి, నాలుగైదు రోజుల్లో కాయీ చెదిరిపోతుంది. జనం మళ్ళీ బిందెలు ముంచుతారు. వచ్చిన ఎర్రమట్టి దాని భాస్వరంతో సహా చెరువు అడుగుకి దిగుతుంది.